లాభం తర్వాతి అంకె

మా వైపు గింజలు కొలిచేటప్పుడు ఒకటి అనరు. మొదటి కుంచం పోస్తూ లాభం అంటారు. ఇరవై కుంచాలు కాగానే మళ్లీ లాభం నుంచి మొదలు. కర్ణాటక నుంచి కోడలుగా వచ్చిన మా నాయనమ్మ కూడా "లాభ" అనే ఎత్తుకునేది.

డెబ్బైల్లో నేను జహీరాబాదులో ఏడో తరగతి చదువుతుండగా, లెక్కల సారు ఒకరోజు బల్ల మీద చింతగింజలు పోసి లెక్కపెట్టమన్నాడు. లేచింది నేనే. లెక్కలకు ఎప్పుడూ నేనే లేచేదాన్ని, ఆ పొగరు నాకుండేది. "లాభం, ఒకటి, రెండు" అంటూ గడగడా చెప్పి పంతొమ్మిది అన్నాను. నా పక్కన కూర్చునే పిల్ల కిసుక్కున నవ్వింది. వాళ్ల నాయిన మా చేను పాలుకు చేసేవాడు, పండినదాంట్లో మాకు సగం, వాళ్లకు సగం. ఆ పిల్ల లేచి, "లాభం, రెండు, మూడు" అంటూ అవే గింజల్ని ఇరవై చేసింది.

"లాభం అంటే ఒకటా, సున్నానా?" అన్నాడు సారు.

సగం మంది ఒకటి అన్నారు, సగం మంది సున్నా అన్నారు. కొట్టుకునేంత పనైంది. సారు ఒకటి అన్నవాళ్లను కిటికీ వైపు, సున్నా అన్నవాళ్లను తలుపు వైపు నిలబెట్టాడు. తలుపు వైపు మేమందరం భూములున్న ఇళ్ల పిల్లలం. కిటికీ వైపు పాలుకు చేసేవాళ్ల పిల్లలు, కూలికి పోయేవాళ్ల పిల్లలు. సారు మా ఇంటి వెనక గదిలోనే అద్దెకుండేవాడు, పాపం, నోరు విప్పి ఏమంటాడు? ఇరవైకి ఒకటి ఎక్కువ పోతే నూటికి ఎంతో లెక్క కట్టమన్నాడు, అంతే. ఐదు వచ్చింది. ఆ ఐదు ఎవరింటికి పోతున్నాయో చూసి రమ్మన్నాడు.

ఇంటికొచ్చి లాభం కుంచం లెక్కలోకి ఎందుకు రాదని నాయనమ్మను అడిగాను. "అది దేవుని కుంచం" అంది. దేవుడు మా గింజల గుమ్మిలోనే కాపురం ఉంటున్నాడన్నమాట!

ఆ వారంలోనే జొన్న కల్లం. లెక్క చెప్పేది నేనే. ఆడపిల్ల నోటితో చెప్పిస్తే లక్ష్మి నిలుస్తుందని నాయిన నమ్మకం. ఏడో తరగతి పరీక్ష దగ్గరపడుతోంది. అది రాశాక నన్ను పెద్ద బడికి పంపుతాడో లేదో నాయిన ఇంకా చెప్పలేదు. ఆయన మనసు విరిగే పని చేయొద్దని అమ్మ రోజూ చెబుతుంటే, ఇంట్లో పిల్లిలా తిరుగుతున్నాను.

ముందు పాలువాళ్ల వంతు కొలిచారు. ఎప్పటిలాగే "లాభం, రెండు, మూడు" అని హాయిగా చెప్పేశాను. తర్వాత మా వంతు, దానికైతే లాభం తర్వాత ఒకటి అనాలి. ఆ పిల్ల మా బస్తా మూతి పట్టుకుని నిలబడింది. మొదటి కుంచం పడింది. లాభం అన్నాను. ఆ పిల్ల తలెత్తి నా వంక చూసింది.

నాలుగు దిక్కులా మనుషులు, నడుమ జొన్న కుప్ప, పక్కన నేను. కడుపులో నొప్పి అని చెప్పి ఉరుకుదామా అనుకున్నాను. ఒకటి అంటే ఆ పిల్ల ముఖం చూడలేను, రెండు అంటే నాయిన ముఖం చూడలేను. ముందు నుయ్యి, వెనక గొయ్యి. రెండో కుంచం పడనే పడింది.

"రెండు" అన్నాను.

"ఒకటి, బిడ్డా" అన్నాడు నాయిన, నోరు జారాననుకుని.

"లాభమే ఒకటి గద నాయినా. వాళ్లకు గట్లనే చెప్పిన."

"ఎవరు నేర్పిన్రు? సారా?"

"ఎవ్వరు నేర్పలే. నేనే లెక్క చేసిన."

తిట్టి ఉంటే బాగుండేది. నాయిన నవ్వాడు. "మస్తు చదివింది మా బిడ్డ. ఇగ చాలు తియ్యి" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు కూడా నవ్వారు.

నవ్వనిది ఆ పిల్ల నాయిన ఒక్కడే. తలగుడ్డ తీసి చేత పట్టుకుని ముందుకొచ్చాడు. "పటేలా, చిన్నపిల్ల, దానికేమెర్క? లాభం లాభమే, ఒకటి ఒకటే. నా వంతుల కెల్లి ఇంకో కుంచం పోస్త. జర ఈ బిడ్డ బడి బంద్ చెయ్యకు" అన్నాడు. అంటూనే తన బస్తాలోంచి కుంచం నిండా తీసి మా బస్తాలో పోశాడు. అలా పోస్తున్నంతసేపూ బస్తా మూతి పట్టుకుని నిలబడింది ఆయన బిడ్డే.

నాయిన ఆ కుంచం పోయించుకున్నాడు. నా బడీ మాన్పించాడు. సారును గది ఖాళీ చేయమన్నాడు. ఇన్నేళ్లయినా నాయిన మీద నా కోపం చల్లారలేదు, చల్లారాలని నాకూ లేదు.

మర్నాడు పొద్దున ఆ పిల్ల ఎప్పటిలాగే పుస్తకాల సంచి తగిలించుకుని మా గడప ముందుకొచ్చి నన్ను పిలిచింది. "ఇగ రాదు బిడ్డా, నువ్వు పో" అంది అమ్మ. ఆ పిల్ల కదల్లేదు. "పరీక్షకైన తోలియ్యి పెద్దమ్మా" అంది, లోపలికి వినపడేలా గట్టిగా. నేను తలుపు వెనకే ఉన్నాను. అమ్మ ఒక చేత్తో తలుపు రెక్క, ఇంకో చేత్తో నా మణికట్టు పట్టుకుని ఉంది. ఆ పిల్ల సందు మలుపు తిరిగేదాకా వదల్లేదు.