చిటికెన వేలి వెంట సంగారెడ్డి దాకా

సోమవారం పొద్దున ఆరున్నరకు ఇస్నాపూర్ చౌరస్తాలో నిలబడ్డాం. నేను, మా ఆయన సత్తయ్య, ఒక దుప్పటి, రెండు పళ్లేలు, ఫ్లాస్కు, ఆధార్ కార్డూ రేషన్ కార్డూ పెట్టిన కవరు. ఇవన్నీ నేను సర్దినవి. ఆయన సర్దుకున్నది ఒక్కటే, బిస్కెట్ల రేకు డబ్బా. దాన్ని నా చేతికి కూడా ఇవ్వకుండా చంకలో పెట్టుకున్నాడు.

ఈ ప్రయాణం ఆయన కుడికాలి చిటికెన వేలి కోసం. మా ఆయన పాశమైలారంలో మందు గోలీల కంపెనీలో పద్దెనిమిదేళ్లుగా ప్యాకింగులో పని చేస్తున్నాడు. గోలీల పట్టీ మీద తేదీ సరిగ్గా పడిందా లేదా చూడటం ఆయన పని. రెండు నెలల కిందట కంపెనీ కొత్త బూట్లు ఇచ్చింది. బూటు ఒరుసుకుని చిటికెన వేలికి పొక్కు లేచింది. ఆయనకు షుగరు, కాళ్లలో స్పర్శ తక్కువ. పొక్కు పుండై సాక్సుకు అంటుకునేదాకా తెలియలేదు. తెలిశాక కూడా "బూటు కరిసింది, గంతే" అన్నాడు. ఇంట్లో ఉన్న గోలీలు రెండు రోజులు వేసుకున్నాడు. తగ్గింది. మళ్లీ లేచింది. మళ్లీ రెండు రోజులు వేసుకున్నాడు. ఇలా నడుస్తూ ఉండగా వేలు నేరేడు పండు రంగుకు తిరిగి, జ్వరం పట్టుకుంది.

అంతకు ముందు శనివారం పటాన్‌చెరులో ఒక ప్రైవేటు దవాఖానకు వెళ్లాం. ఏసీ గదిలో కూర్చోబెట్టి కాగితం రాసిచ్చారు. చేరాలంటే ముందు యాభై వేలు, మిగతాది ఆపరేషన్ అయ్యాక. ఆ మిగతాది ఎంతో రాయలేదు. మా ఆయన కాగితం తిరగేసి వెనక వైపు కూడా చూశాడు, అక్కడైనా ఉంటుందేమోనని. యాభై వేలంటే ఆయన మూడు నెలల జీతం. పైగా కాంట్రాక్టు పని, పోని రోజుకు పైసా రాదు. కాబట్టి సంగారెడ్డి సర్కారు దవాఖాన అనుకున్నాం.

ఆరు యాభైకి బస్సు వచ్చింది. నాకు జీరో టికెట్టు, ఆయనకు నలభై రూపాయలు.

"రోగం నాకు, ఫ్రీ నీకా" అని గొణిగాడు.

పక్క సీటులో ఒకావిడ ఉంది. కోస్తా నుంచి వచ్చి ముప్పై ఏళ్లుగా ఇక్కడే ఉంటున్నారట, భర్త సర్కారు ఫ్యాక్టరీలో చేసి రిటైరయ్యాడట. కాలికి ఏమైందని అడిగింది. బూటు కరిచిందని మా ఆయన చెప్పాడు. ఆమె కిటికీ అద్దం కొంచెం జరిపింది. వాసన నాకు అలవాటైపోయిందని అప్పుడే తెలిసింది.

"కుక్క కరిస్తే పరిగెడతారండీ మీ మగాళ్లు. బూటు కరిస్తే మాత్రం రెండు నెలలు పెంచుకుంటారు" అంది.

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

రుద్రారం, కంది దాటి ఏడు నలభైకి సంగారెడ్డిలో దిగాం. దవాఖానకు ఆటో మనిషికి ఇరవై. మీరూ వెళ్లేటట్టయితే ఎనిమిదిలోపే చీటీ లైన్లో నిలబడండి. రోగిని బెంచీ మీద కూర్చోబెట్టి, ఆధార్ కార్డు పట్టుకుని మీరు నిలబడితే చాలు. గేటు బయట ఇడ్లీ ముప్పై రూపాయలు, చట్నీ నీళ్లలా ఉంటుంది కానీ వేడిగా పోస్తారు.

పది దాటాక డాక్టరమ్మ పిలిచింది. మా పెద్దమ్మాయి వయసే ఉంటుంది. కట్టు విప్పి చూసి, ఇన్నాళ్లూ ఏం మందులు వాడారని అడిగింది. మా ఆయన ఆ మాట కోసమే కాచుకున్నట్టు డబ్బా మూత తీశాడు. రెండేళ్ల గోలీలు ఉన్నాయి అందులో. ప్రతి పట్టీ సగం వాడినదే. ముందుగా తేదీ అయిపోయేవి పైన, తర్వాత అయ్యేవి కింద, దారం కట్టి వరసగా పేర్చాడు.

"ఇవన్నీ సగంలో ఎందుకు ఆపారు?" అని ఆమె అడిగింది.

"తగ్గినంక ఎందుకు మేడం? మల్లొస్తే పనికొస్తయని దాసిన. ఇంకా తేదీ ఉన్నది, సూడుండ్రి. ఒక్కటి కూడ ఖరాబు గాలె."

ఆమె పక్క గదిలోని ఇద్దరు డాక్టర్లను పిలిచి డబ్బా చూపించింది. వాళ్లు మెచ్చుకోవడానికి వచ్చారనుకుని మా ఆయన నిటారుగా కూర్చున్నాడు.

"మందుకు తేదీ ఉంది పెద్దనాయనా. లోపల బతికి ఉన్న పురుగుకు తేదీ లేదు" అంది ఆమె. సగం మందుతో సగం పురుగులే చస్తాయని, మిగిలినవి ఆ మందుకు అలవాటుపడి మొండికేస్తాయని చెప్పింది. డబ్బా తన టేబుల్ కిందే పెట్టేసుకుంది.

తర్వాత నన్ను ఒక్కదాన్నే వరండాలోకి పిలిచింది. వేలు తీసేయక తప్పదట. పాదం ఉంటుందో లేదో మాత్రం అప్పుడే చెప్పలేనంది. చీము పరీక్షకు పంపుతారు, ఏ మందు పనిచేస్తుందో తెలియడానికి మూడు రోజులు పడుతుంది. ఈలోపు నలుపు పైకి పాకితే చీలమండ దాకా తీయాలి. ఆయన పద్దెనిమిదేళ్లుగా చేస్తున్నది నిలబడి చేసే పని. నేను లోపలికి వచ్చి వేలి సంగతి చెప్పాను, పాదం సంగతి చెప్పలేదు.

మంగళవారం పదకొండు గంటలకు వేలు తీశారు. మంచానికి వచ్చాక నన్ను మొదట అడిగిన మాట, కంపెనీ బూటు ఇప్పుడు వదులవుతుందా అని.

రోగికి దవాఖానలోనే తిండి పెడతారు. వెంట ఉన్నవాళ్లకు గేటు బయట అన్నం అరవై రూపాయలు, పప్పు రెండోసారి అడిగితే పోస్తారు. రోజూ పొద్దున తొమ్మిదికి డాక్టరమ్మ కట్టు విప్పేది. నేను కాలి వైపు చూసేదాన్ని కాదు, ఆమె కనుబొమ్మల వైపు చూసేదాన్ని.

గురువారం పరీక్ష కాగితం వచ్చింది. అందులో పది పన్నెండు మందుల పేర్లున్నాయి. రెండు తప్ప ఏవీ ఈ పురుగు మీద పనిచేయవని ఆమె చెప్పి వెళ్లింది. మా ఆయన ఆ కాగితం తీసుకుని ఒక్కో పేరు మీద వేలు పెట్టి చదివాడు.

"వీటిల్ల సగం నా శేతుల మీదికెల్లి పోయినయేనే" అన్నాడు చివరికి. "నాకే పని జెయ్యకపాయె."

ఆ రెండింటిలో ఒకటి సూది. దవాఖానలో అప్పటికి అయిపోయింది, రెండు రోజులు బయట కొన్నాను. ఒక్కోటి తొమ్మిది వందలు. మూడో రోజు నుంచి లోపలే ఇచ్చారు. ఆదివారం డాక్టరమ్మ కనుబొమ్మలు కిందికి దిగాయి. పుండులో కొత్త మాంసం ఎర్రగా పడుతోందని, నలుపు ఆగిపోయిందని చెప్పింది. అప్పుడు మా ఆయనకు పాదం సంగతి కూడా చెప్పేశాను.

"తెల్వదనుకున్నవా? నువ్వు వారం నుంచి నన్ను తిడ్తలేవు. గప్పుడే అర్థమైంది" అన్నాడు.

ఆ మర్నాటి నుంచి సూదులు మాని రెండో మందు, గోలీలు, ఐదు రోజులకు ఇచ్చారు. అవి దాదాపు అయ్యేదాకా ఉంచుకుని, శుక్రవారం ఇంటికి పొమ్మన్నారు. పూటకొకటి చొప్పున వేసుకుంటూ వచ్చాడు. ఆఖరిది మధ్యాహ్నం రెండు గంటలకు వేసుకోవాలి.

ఒంటిగంట ఇరవైకి బస్సు ఎక్కాం. కాలికి కట్టు, దాని మీద ప్లాస్టిక్ కవరు. కండక్టరు ముందు సీటు ఖాళీ చేయించాడు. కంది దగ్గర లారీలు అడ్డం పడి బస్సు ఆగిపోయింది. మొత్తం పన్నెండు రోజుల కూలి పోయింది, ఒక వేలు పోయింది, నా చిట్టీ ముందుగానే ఎత్తాల్సి వచ్చింది. ఇవన్నీ ఆ చిన్న పొక్కులోంచే వచ్చాయి. యాదగిరిగుట్టకు, ఏడుపాయలకు పోయి వచ్చినదాన్ని, ఇరవై కిలోమీటర్ల దారి ఇంత పొడుగుంటుందని నాకు తెలియదు.

రెండయింది. ఫ్లాస్కులో చుక్క లేదు. ఇంకో అరగంటలో ఇంటికి పోతాం, అక్కడ వేసుకుందువులే అన్నాను. ఆయన వినలేదు. రాడ్డు పట్టుకుని ఒంటికాలి మీద లేచి బస్సంతా వినేలా నీళ్లడిగాడు. వెనక నుంచి ఒక బాటిల్ చేతులు మారుతూ వచ్చింది. గోలీ మింగి, ఖాళీ పట్టీని వెలుతురుకు పెట్టి ఒక్కో గుంటా చూశాడు. తర్వాత మడిచి అంగీ జేబులో పెట్టుకున్నాడు.

"ఖాళీదాన్ని ఏం జేస్కుంటవయ్యా, పారెయ్యి" అన్నాను.

"ఉండనీ" అన్నాడు. "ఒక్కటన్న ఆఖరి గోలీ దాక మింగి ఒడగొట్టిన గదా."