చెక్క పడని చోటు

మామ పోయాడని అత్త ఫోన్ చేసేసరికి నేను కడప బస్టాండులో టీ తాగుతున్నాను. "మీ మామ ల్యాడు అబ్బీ" అని ఒక్క మాట చెప్పి పెట్టేసింది. టీ అట్లాగే వదిలేసి వేంపల్లె బస్సెక్కాను.

మా మేనమామ ఈ రోజు ఇక్కడికొచ్చిన మీలో చాలామందికి స్టీలు సామాన్ల అంగడి మనిషిగానే తెలుసు. అంగడి వెనక గదిలో గోడలకు పాత పరుపులు కొట్టి ఆయన పాటలు రికార్డు చేసేవాడని తక్కువమందికి తెలుసు. గదిలో ఫ్యాను ఆపేసి, చెమటలు కక్కుతూ, పల్లెల నుంచి వచ్చిన భజనవాళ్లను పాడించేవాడు. వాళ్లు వస్తే గిన్నెల బేరం మధ్యలో వదిలేసి లోపలికి పోయేవాడు. అత్త తిట్టేది, ఆయన వినేవాడు కాదు.

కోయిలకుంట్ల పక్కన ఒక చెక్కభజన గురువు ఉండేవాడు. ఆయనంటే మామకు ప్రాణం. ఆయన పాటలు పదకొండు మినీడిస్కుల మీద పట్టాడు. గురువు కాలం చేశాక ఆ గొంతూ, ఆయన చేతి చెక్కల తాళమూ ఆ డిస్కుల్లో తప్ప ఇంకెక్కడా లేవు. వాటిని తిప్పే డెక్కేమో మొరాయిస్తోంది. అది పూర్తిగా ఆగిపోయేలోపే పాటలన్నీ కొత్తగా కొన్న హార్డ్‌డిస్క్ రికార్డరులోకి ఎక్కించాలని మామ పట్టు.

"మామూలు వైరుతో కలిపితే బుస్సుమనే సప్పుడు కూడా ఎక్కుతాది. డిజిటల్‌గా ఉండేది డిజిటల్‌గానే పోవల్ల" అని ఆప్టికల్ కేబుల్ తెప్పించాడు. తగిలించింది నేను. పాట ఎక్కింది. మధ్యమధ్యలో టక్కుమని వినిపిస్తే చెక్కలే కదా అనుకున్నాను. మామా అట్లే అనుకున్నాడు. సీడీలు చేసి గురువు జట్టుకు పంచాం.

కొన్ని నెలలకు ఆ జట్టు వేంపల్లెలో ఆడింది. ముందు వరసలో తల ఊపుతున్న మామ ఒక పాటలో ఒకచోట ఠక్కున ఆగిపోయాడు. ఆట కాగానే జట్టు పెద్దను పట్టుకున్నాడు.

"ఏమప్పా, ఆడ చెక్క ఎందుకేస్తాండారు? మీ గురువు ఆడ చేతులు ఆపేస్తాండె కదా?"

"సీడీలో అట్లనే ఉండాది శెట్టీ. మేమే మర్సిపోయినామేమో అని నేర్సుకుంటిమి."

మామ మొహం మాడిపోయింది. ఇంటికొచ్చి మూడు రోజులు రికార్డరు పుస్తకంతో కుస్తీ పట్టాడు. డెక్కుకు లోపల ఒక గడియారం, రికార్డరుకు మరొకటి. బయటి నుంచి పాట తీసుకునేటప్పుడు రికార్డరు తన గడియారం పక్కనబెట్టి డెక్కు గడియారాన్ని పట్టుకుని నడవాలి. ఆ సెట్టింగు మార్చకుండా వదిలేసింది నేనే. రెండూ వెంట్రుకవాసి తేడాతో నడిచి, తడబడినప్పుడల్లా టక్కుమన్నాయి. గురువు చేతులు ఆపిన చోట పడ్డ ఆ టక్కునే జట్టు తాళమనుకుంది.

"ఎవరికి తెలుస్తాది మామా, వదిలేయి" అన్నాను, సిగ్గు లేకుండా.

"యాభై ఏండ్లు సాధన చేసిన తాళం అబ్బీ. మనం ఒక మీట మర్సిపోయినామని అది మారిపోవల్లనా? మళ్లా మొదట్నుంచి పట్టుదాం."

పట్టాం. డెక్కు వేడెక్కితే ఆపి, చల్లారాక మళ్లీ తిప్పి, ఒక్కో డిస్కుతో వారం పోరాడాం. పదకొండోది ఎక్కిన తర్వాత ఆ డెక్కు మళ్లీ తిరగలేదు. మామ కొత్త సీడీలు పట్టుకుని, నన్నూ వెంటబెట్టుకుని కోయిలకుంట్ల పోయి, జట్టందరి ముందు "తప్పు నాదప్పా, పాతవి ఇచ్చేయండి" అన్నాడు. నా పేరెత్తలేదు. తిరిగొచ్చే బస్సులో అడిగితే "నీకు నేర్పింది నేనే కదా" అన్నాడు. ఆ మాటకు ఈ రోజుకూ నేను తల ఎత్తలేను.

సీడీలు మార్చడం తేలికే, చేతులు మార్చడం కష్టం. మామ వీలైన ప్రతి ఆదివారం పోయి జట్టు పక్కన కూర్చునేవాడు. పోయిన నెల కూడా, ఆయాసపడుతూనే, పోయొచ్చాడు. "శానా మేలు. ఆడ మాత్రం ఇంకా ఒకరిద్దరి చెయ్యి ఆగల్యా" అన్నాడు. జట్టు తప్పు లేకుండా ఆడగా ఆ పాట ఆయన ఒక్కసారి కూడా వినలేదు.

ఆయన్ను తీసుకుపోయేటప్పుడు పిలవకుండానే జట్టు మొత్తం వచ్చింది. పాడె ముందు అదే పాట ఎత్తుకున్నారు. ఆ చోటు దగ్గర పడేకొద్దీ నేను వాళ్ల చేతులకేసే చూస్తూ నడిచాను. పన్నెండు మంది చేతులు పైకి లేచి, గాలిలోనే ఆగాయి. ఒక్క చెక్కా పడలేదు. ఆ కాసేపూ రోడ్డు మీద మా అందరి అడుగుల చప్పుడే వినిపించింది.