పచ్చ అంటే ఏ పచ్చ

మొన్న పెనుగొండలో సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు ముందు నిలబడ్డాను. లోపల ఎవరో వేడి ఇనుముతో సీసం తీగ కరిగిస్తున్నారు. గుగ్గిలం పొగకి దగ్గరగా, కాస్త చేదుగా ఉండే ఆ వాసన ముక్కుకి తగలగానే నా చూపుడువేలు దానంతటదే ముడుచుకుంది. ఒకప్పుడు ఆ వేలు అలాంటి ఇనుముకే తగిలి కాలింది. నేను కెవ్వున అరిస్తే, పక్కన కూర్చున్న మనిషి "అరిచాక చల్లారిందా?" అని అడిగి, నీళ్ళ చెంబు నా వైపు జరిపి, తన పని తాను చేసుకున్నారు. ఆవిడ పేరు విశాలాక్షి గారు. పోయి ఆరేళ్ళయింది. మీరెవరూ ఆవిణ్ణి చూసి ఉండరు, అందుకే రాస్తున్నాను. యాభై ఏళ్ళు వచ్చేవరకు నాకు అక్షరం ముక్క రాదు. ఈ నాలుగు మాటలు రాయగలుగుతున్నానంటే అది ఆవిడ చలవే. రాత బాగాలేదని మీకు అనిపిస్తే ఆ తిట్లు కూడా ఆవిడకే చెందాలి.

విశాలాక్షి గారు కోనసీమ వైపు మనిషి. ఏదో కాలేజీలో సైన్సు ల్యాబు సామాను చూసే ఉద్యోగం చేసి, రిటైరయ్యాక మా ఎదురింట్లో అద్దెకి దిగారు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని మా వీధిలో అందరూ ఒకరినొకరు అడిగారు గానీ ఆవిణ్ణి అడిగినవాళ్ళు లేరు. నేను అడిగాను. "తీరిక లేక, మంగా" అన్నారు. ఇంట్లో వంటసామాను తక్కువ, బిస్కెట్ డబ్బాలు ఎక్కువ. ఆ డబ్బాల నిండా పాత రేడియోల్లోంచి పీకిన ముక్కలు, వైర్లు, బుల్లి బుల్లి దీపాలు. ఆవిడ వచ్చిన నెలకి వాళ్ళ వసారాలో ఒక దీపం కట్టారు. దానికి స్విచ్చి లేదు. పొద్దు వాలితే తనే వెలిగేది, తెల్లారితే తనే ఆరిపోయేది. మా వీధి ఆడవాళ్ళు అందులో దయ్యం ఉందన్నారు. నాకు మాత్రం ఆ దీపం చూడగానే మా ఆయన గుర్తొచ్చాడు.

మా ఆయనకి రేచీకటి. పగలంతా బాగానే కనిపించేది, పొద్దు వాలేసరికి చూపు మందగించేది. అది నాకు తప్ప ఎవరికీ తెలియదు. ఆయన బియ్యం మిల్లులో బస్తాల మూతులు కుట్టేవాడు. కళ్ళు సరిగా లేవని తెలిస్తే సూది ఎవరు చేతికిస్తారు? అందుకని దాచాడు. ఐదున్నరకి ఆయన ఇంటికి వచ్చేసేవాడు. నేను అదే మిల్లు కళ్ళంలో ఉప్పుడు ధాన్యం ఎండబోసి, సాయంత్రం కుప్ప చేసి పరదాలు కప్పి వచ్చేసరికి ఏడయ్యేది. మా ఇల్లు కాలవ పక్కన, నీళ్ళొచ్చినా మునగకుండా ఎత్తు మీద కట్టింది. దిగడానికి ఆరు మెట్లు. కుళాయి కింద. ఒక సాయంత్రం ఆయన వేడి గంజి గిన్నెతో మెట్లు దిగుతూ తప్పటడుగు వేశాడు. పాదమంతా బొబ్బలెక్కింది. అడిగినవాళ్ళకి కాలు జారిందన్నాడు. "ఇంటికి రాగానే లైటేసుకోవయ్యా" అంటే, "పట్టపగలు లైటెందుకని నలుగురూ అడిగితే ఏం చెప్పమంటావే?" అనేవాడు. మసక ఎప్పుడు మొదలైందో ఆయనకి తెలిసేసరికి పూర్తిగా చీకటయ్యేది.

అందుకని విశాలాక్షి గారి గుమ్మం ఎక్కాను. "మేడం గారూ, అలాంటి దీపం మాకోటి చేసిపెడతారాండి?" అన్నాను. "చెయ్యను. నేర్చుకుంటానంటే నేర్పుతాను" అన్నారు. అదేంటండీ అంటే, "నేను చేసిస్తే పాడైనప్పుడల్లా నా చుట్టూ తిరుగుతావు. నేనెన్నాళ్ళుంటాను?" అని ఒక కాయితం మీద ఏదో గీసి, పక్కన రాసి నా చేతికిచ్చారు. "చదువు."

చదువు రాదని ఎవరికీ చెప్పకుండా బతకడం నాకు బాగా అలవాటు. బ్యాంకులో, రేషన్ కొట్టులో, ఎక్కడైనా ఒకటే మాట. "కళ్ళద్దాలు ఇంట్లో మర్చిపోయానండి." మా ఇంట్లో కళ్ళద్దాలు లేనే లేవు. ఆవిడకీ అదే చెప్పాను. ఆవిడ తన ముక్కు మీది అద్దాలు తీసి నాకిచ్చారు. పెట్టుకున్నాను. అంతా అలికేసినట్టయింది. అయినా కాయితం ముందు పెట్టుకుని తల ఊపాను. ఆవిడ కాసేపు చూసి, చెయ్యి చాపి, కాయితాన్ని నా చేతిలోనే తిప్పి సరిగ్గా పెట్టారు. తలకిందులుగా పట్టుకున్నానన్నమాట. నవ్వలేదు. జాలి కూడా పడలేదు. "అయితే రంగులతో మొదలుపెడదాం" అన్నారు.

అలా మొదలైంది నా చదువు. రెసిస్టర్ అని ఒక ముక్క ఉంటుంది. బియ్యపు గింజ కంటే కాస్త లావు, రెండు వైపులా తీగ మీసాలు. కాలవకి లాకు ఎలాగో కరెంటుకి అది అలాగ, ఎంత వదలాలో అంతే వదులుతుంది. దాని ఒంటి మీద రంగు గీతలుంటాయి. ఒక్కో రంగు ఒక్కో అంకె. నలుపు సున్నా, గోధుమ ఒకటి, ఎరుపు రెండు, అలా తెలుపు దాకా తొమ్మిది. మూడో గీత మాత్రం పక్కన ఎన్ని సున్నాలు పెట్టాలో చెబుతుంది. చీరల అంచులు గుర్తుపెట్టుకున్న బుర్రకి ఇదో లెక్కా? రెండు రోజుల్లో అప్పజెప్పేశాను. అప్పుడావిడ ఒక నోటుబుక్కులో ఒక్కో రంగు పెన్సిలుతో ఒక్కో గీత గీసి, దాని కింద ఆ రంగు పేరు పెద్దక్షరాలతో రాశారు. రోజూ మిల్లు నుంచి వచ్చి అన్నం తిన్నాక ఒక అరగంట ఆ బుక్కు ముందు కూర్చునేదాన్ని. నాలుగో రోజున ఒక సంగతి కనిపించింది. నలుపు, ఎరుపు, తెలుపు, పసుపు. నాలుగింటికీ చివర ఒకటే తోక. "మేడం గారూ, ఇది 'పు' కదండీ?" అన్నాను. "అవును. నేను చెప్పలేదు. నువ్వే పట్టావు" అన్నారు. ఆ రోజు ఇంటికెళ్ళి కుంకుడుకాయల పొట్లం కాయితం తీసి, దాని మీద ఎక్కడెక్కడ 'పు' ఉందో వెతుక్కుంటూ కూర్చున్నాను. మా ఆయన "ఏమే, పేలు చూస్తున్నావా?" అన్నాడు.

దీపం సంగతికొస్తే, అందులో అసలు పనిమంతురాలు ఒక కన్ను. కందిబద్దంత బిళ్ళ, దాని మీద ముగ్గు మెలికలాంటి గీత. వెలుగు పడితే అది కరెంటుని తనలోంచి పోనిస్తుంది. మసకబడితే తలుపు వేసేసుకుంటుంది. అప్పుడా కరెంటు ఇంకో దారి పట్టి, మూడు కాళ్ళ ముక్క ఒకటుంటుంది, దాన్ని లేపుతుంది. అది లేచి దీపం వెలిగిస్తుంది. ఎంత మసకకి వెలగాలన్నది మన లాకు చేతిలో, అంటే రెసిస్టర్ చేతిలో ఉంటుంది. చెక్కముక్క మీద మేకులు కొట్టి, వాటికి ఇవన్నీ చుట్టి, సీసం పోసి అతికించాను. వేలు కాలింది ఆ రోజే. చివరి ముక్క పెట్టేటప్పుడు విశాలాక్షి గారు వంటింట్లో పోపు వేస్తున్నారు. అక్కణ్ణుంచే కేకేశారు. "గోధుమ, నలుపు, పచ్చ! డబ్బాలో చూసి పెట్టు."

డబ్బాలో రెండు రకాలున్నాయి. రెండింటికీ మొదటి రెండు గీతలు ఒకటే. మూడోది ఒకదానికి పసుపు, ఒకదానికి ఆకుపచ్చ. ఏ పచ్చ? అడుగుదామని నోటిదాకా వచ్చింది. పెళ్ళెందుకు చేసుకోలేదని అడిగిన నోరు, ఆ ఒక్క మాట అడగడానికి రాలేదు. ఇంత నేర్పాక ఇదీ తెలియదా అనుకుంటారేమోనని. చేలో పుట్టి చేలో పెరిగినదాన్ని, నాకు పచ్చంటే వరి పచ్చే. ఆకుపచ్చ గీతది తీసి పెట్టాను.

మర్నాడు పొద్దున్నే దీపాన్ని మెట్ల పక్క గోడకి బిగించి, పాత సెల్‌ఫోన్ చార్జరు తగిలించి, మా ఆయనకి చెప్పాను. "ఇవాళ్టి నుంచి నువ్వేం చెయ్యక్కర్లేదు. మసకబడగానే అదే వెలుగుతుంది. వెలిగాక దిగు." ఆయన "సరే" అన్నాడు. ఆ సాయంత్రం ధాన్యం కప్పుతున్నానే గానీ మనసంతా ఆ దీపం మీదే. ఏడింటికి ఇంటికొచ్చేసరికి మా ఆయన పై మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. మసకగా ఉంది, ఇంకా కాటుక చీకటి పడలేదు. దీపం వెలగలేదు. నాకు ఒళ్ళు మండింది. ఈలోపు ఆయన నా అడుగుల చప్పుడు విని అన్నాడు. "వచ్చావా? నాకిక కనపడదే. దీపం కూడా కనపడట్లేదు."

ఏం మాట్లాడుతున్నాడో నాకు వెంటనే అర్థం కాలేదు. మసకబడగానే వెలుగుతుందని నేను చెప్పాను. ఆయన నమ్మాడు. మసకబడింది. దీపం వెలిగే ఉంటుంది, తన కళ్ళే ఆ వెలుగుని కూడా చూడలేనంతగా పోయాయి అనుకున్నాడు. గంట సేపు అక్కడే అలా కూర్చున్నాడు. ఎవరినీ పిలవలేదు. "ఏవయ్యా, అది ఎలగలేదయ్యా! ఇంకా ఎలగనే లేదు!" అన్నాను. ఆయన నా చెయ్యి పట్టుకుని, "నిజంగా ఎలగలేదా? ఒట్టు?" అన్నాడు. "నీ మీదొట్టు." ఆయన పెద్దగా ఊపిరి వదిలి నవ్వాడు, ఆ నవ్వులోనే కళ్ళు తుడుచుకున్నాడు. చేసిన దీపం పని చెయ్యలేదని అంత సంతోషపడిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. పూర్తిగా చీకటయ్యాక అది వెలిగింది. మిణుగురు పురుగంత వెలుగు.

చెక్కముక్క పీకి పట్టుకుని ఎదురింటికి వెళ్ళాను. జరిగింది చెప్పాను. ఆవిడ దాన్ని లైటు వెలుగులో పెట్టి చూసి, "నేను పచ్చ కదా చెప్పాను?" అన్నారు. "పచ్చే కదండీ పెట్టాను." "ఇది ఆకుపచ్చ, మంగా. దీనికి ఐదు సున్నాలు. మనకి కావలసింది నాలుగు." "మరి పచ్చంటే?" అన్నాను. ఆవిడ చేతిలోది కింద పెట్టేశారు. వాళ్ళింట్లో పసుపు రంగు చీరని పచ్చ చీర అంటారట, పసుపు రాసుకున్న మొహాన్ని పచ్చటి మొహం అంటారట. అలాగే నోటికొచ్చింది. "తప్పు నాదే. ఏ పచ్చో చెప్పలేదు" అన్నారు. అంత చదువుకున్న మనిషి నా లాంటిదాని ముందు అలా అనడం నేను వినడం అదే మొదటిసారి. నాకు కాస్త గర్వంగా కూడా అనిపించింది, అబద్ధమెందుకు. కానీ ఆవిడ అక్కడితో వదల్లేదు.

"పెట్టేటప్పుడు నీకు అనుమానం వచ్చిందా?"

"వచ్చిందండి."

"మరి అడగలేదేం?"

"తెలివితక్కువదాన్ననుకుంటారని."

"నువ్వు ఆ ఒక్క మాట అడగనందుకు మీ ఆయన గంటసేపు గుడ్డివాడయ్యాడు" అన్నారు.

ఇంకెవరైనా అంత మాట అంటే జుట్టు పట్టుకునేదాన్ని. ఆవిడ ముందు కూర్చుని ఏడ్చాను. ఆవిడ ఓదార్చలేదు. ఇనుము వేడి చేసి నా చేతిలో పెట్టారు. ఆకుపచ్చది పీకేసి పసుపుది అతికించాను. మర్నాడు సెలవు పెట్టి ఇంటి దగ్గరే ఉన్నాను. కొబ్బరాకుల మీద ఇంకా ఎండ పొడ ఉండగానే, మెట్ల మీద మాత్రం మసక మొదలైన ఆ వేళకి దీపం మెల్లగా కళ్ళు తెరిచింది. మా ఆయన ఒక్కో మెట్టూ చూసుకుంటూ దిగాడు, కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కున్నాడు, మళ్ళీ ఎక్కాడు. ఏం పని లేకపోయినా ఇంకోసారి దిగాడు.

అప్పటి నుంచి నేను అడుగుతాను. సంతకం పెట్టమంటే ముందు చదవమంటాను, అర్థం కాకపోతే మళ్ళీ చదవమంటాను. విసుక్కునేవాళ్ళు విసుక్కుంటారు. ఆ దీపం అయ్యాక మా ఆయన్ని రాజమండ్రి కళ్ళాసుపత్రికి కూడా నేనే లాక్కెళ్ళాను. డాక్టరు గారు మెత్తని మనిషి. లైటు వేసి చూసి, "కంగారేం లేదమ్మా, క్రమంగా చూద్దాం" అన్నారు. "క్రమంగా అంటే ఏంటండి? తగ్గుతుందా, పెరుగుతుందా?" అన్నాను. మా ఆయన నా మోచెయ్యి గిల్లాడు. నేను ఆగలేదు. ఆ డాక్టరు గారు కలం మూసి, కుర్చీ మా వైపు జరుపుకున్నారు. "తగ్గదమ్మా. దీనికి మందు లేదు. ముందు పక్క చూపు పోతుంది. ఎదుటి చూపు కొన్నేళ్ళు ఉంటుంది. ఎన్నేళ్ళో నేను చెప్పలేను. తర్వాత అది కూడా పోవచ్చు."

బయటికొచ్చి బస్టాండుకి నడిచాం. అడక్కుండా ఉండాల్సిందా అని ఒక్క క్షణం అనిపించింది. బస్సెక్కితే ఎప్పుడూ కిటికీ పక్క సీటు నాదే, నాకు బస్సు పడదు, వాంతి. ఆ రోజు ఆయన సీటు దగ్గర ఆగి, "ఏమే, ఏమనుకోకు. కిటికీ దగ్గర నేను కూర్చుంటా" అన్నాడు. కూర్చోమన్నాను. వంతెన మీద ఆ చివర నుంచి ఈ చివర దాకా గోదారిని చూశాడు. నీళ్ళు, లంకలు, ఇసుక మీద ఆరేసిన వలలు. రెప్ప వేశాడో లేదో నాకు తెలియదు. నేను పక్కన నోట్లో కొంగు కుక్కుకుని కూర్చున్నాను.

ఆ చూపు ఆయనకి ఇంకో తొమ్మిదేళ్ళు నిలబడింది. ఆ తొమ్మిదేళ్ళూ ఎక్కడికి వెళ్ళినా కిటికీ అడిగి కూర్చున్నాడు. పెద్దాపురం మరిడమ్మ జాతరకి కూడా పట్టపగలే వెళ్ళొచ్చాం, చూడటానికే. ఇప్పుడు ఏమీ కనపడదు. అయినా సీటు మార్చుకోలేదు. గాలి చల్లబడితే వంతెన వచ్చిందంటాడు, లంకలు ఎలా ఉన్నాయో చెప్పమంటాడు. నేను ఇటు పక్క కూర్చుని, గుప్పిట్లో నిమ్మకాయ వాసన చూసుకుంటూ, కనిపించింది కనిపించినట్టు చెబుతాను.