కోతకు ముందు పద్నాలుగు రోజులు

కెనడాలో సస్కటూన్ ఊరి బయట, గోధుమ పొలాల మధ్య కిటికీల్లేని రేకుల భవనం ఒకటుంది. ప్రభుత్వ లైసెన్సుతో అందులో గంజాయి పండిస్తారు. మొక్కలకు నీళ్ళూ ఎరువూ ఇవ్వడం ధరణి పని. ఇంట్లో మాత్రం ఔషధ మొక్కల గ్రీన్‌హౌస్ అని చెప్పుకుంది. కందుకూరు దగ్గర పొగాకు పండించే వాళ్ళ నాయనకి గంజాయి అంటే పోలీసులు తప్ప ఇంకోటి గుర్తుకు రాదు మరి.

బాపట్లలో అగ్రికల్చర్ బీఎస్సీ చదివి, రెండు వేల ఇరవై రెండులో ఇక్కడికి ఏడాది డిప్లొమాకి వచ్చింది. విమానాలన్నీ స్టూడెంట్లతో నిండి దిగుతున్న రోజులవి. ఒక్కో బేస్‌మెంట్లో ఆరుగురు, ఒక్కో ఉద్యోగానికి రెండు వందల మంది. బాపట్లలో ఫస్ట్ క్లాసులో పాసైన పిల్లలు పిజ్జాలు మోస్తుంటే, ధరణికి చదివిన చదువులోనే పని దొరికింది. ఆరు నెలలు చేస్తే కంపెనీ లెటర్ ఇస్తుంది, ఆ లెటర్‌తో ఇక్కడే శాశ్వతంగా ఉండటానికి ప్రావిన్స్ ఇచ్చే నామినేషన్‌కి అప్లై చేయొచ్చు. అది రాకపోతే వేసవిలో వర్క్ పర్మిట్ అయిపోతుంది, పెట్టె సర్దుకోవాలి. లెటర్ మీద సంతకం పెట్టాల్సింది పంటంతా చూసుకునే హెడ్ గ్రోవర్ రంగనాథ్.

రంగనాథ్ హైదరాబాద్ మనిషి. కాలిఫోర్నియాలో సాఫ్ట్‌వేర్ చేస్తూ పంపుల ఆటోమేషన్‌లోకి, అక్కణ్ణుంచి గంజాయిలోకి వచ్చాడు. మొక్క పుట్టుకే కాలిఫోర్నియాలో జరిగినట్టు మాట్లాడతాడు. ఆయన నమ్మకం ఒక్కటే, ఫ్లష్. కోతకు పద్నాలుగు రోజుల ముందు ఎరువు మొత్తం ఆపేసి ఉత్త నీళ్ళు పోయాలి, మొక్కలోని ఉప్పంతా కడుక్కుపోతుంది, పొగ మెత్తగా ఉంటుంది, బూడిద తెల్లగా వస్తుంది. ఆకులు పసుపుపచ్చగా మారుతుంటే చేత్తో నిమిరి, శుభ్రమవుతోందని మురిసిపోయేవాడు.

ధరణికి ఒళ్ళు మండేది. నీళ్ళు పోస్తే కడుక్కుపోయేది కుండీలో ఉప్పు. మొక్కలో చేరింది మొక్కలోనే ఉంటుంది. తిండి లేక తన ఆకుల్ని తానే తింటుంటే ఆకు పసుపురంగుకి తిరుగుతుంది. దాన్ని శుభ్రం అంటారా, ఆకలి అంటారా? ఆ మాటే మొదటి పంటప్పుడు మర్యాదగా అడిగింది. అది బాపట్ల పుస్తకమని రంగనాథ్ నవ్వేశాడు. రెండోసారి అడిగితే నవ్వలేదు. బయట రెండు వందల రెజ్యూమేలు ఉన్నాయని మాత్రం గుర్తు చేశాడు.

నవంబరులో మూడో గది మొక్కలు కోతకు దగ్గరపడ్డాయి. రంగనాథ్ సెలవులో ఉన్నాడు. మొగ్గలు ఇంకా ఊరుతున్నాయి. పాలు పోసుకుంటున్న కంకికి తిండి మానిపించే రైతు ఎక్కడైనా ఉంటాడా? ఆ పిల్ల వల్ల కాలేదు. సగం మోతాదు ఎరువు కోత రోజు దాకా ఇస్తూ, రికార్డులో మాత్రం ఉత్త నీళ్ళని రాసింది. తప్పే. లైసెన్సు ఉన్న చోట రికార్డులో అబద్ధం రాయడం చిన్న తప్పు కూడా కాదు, ఆ సంగతి ఆమెకు తెలుసు.

ఆ లాట్‌కి వచ్చిన పేరు ఇంతా అంతా కాదు. కొన్నవాళ్ళు మళ్ళీ కావాలన్నారు. రంగనాథ్ ఆ సరుకు నింపిన సీసా పట్టుకుని ఆఫీసంతా తిరిగాడు, ఇదీ ఫ్లష్ అంటే అని.

జనవరి పంటకి ఆయనే దగ్గర నిలబడ్డాడు. పద్నాలుగు రోజులూ ఉత్త నీళ్ళే, ఒక్క చుక్క తేడా లేదు. తరవాత ఆర్డరు తొందరొచ్చి, పన్నెండు రోజులు నిదానంగా ఆరాల్సిన సరుకుని, గదిలో వేడి పెంచి అయిదు రోజుల్లో దించేయించాడు. నెల తిరక్కుండా సరుకు వెనక్కొచ్చింది. గొంతు మంట, నల్ల బూడిద.

డబ్బా మూత తీయగానే ధరణికి పచ్చిగడ్డి వాసన కొట్టింది. పొగాకు ఆరబెట్టే బ్యారన్‌లో మంట తొందరపెడితే ఆకు పచ్చి మీదే చచ్చిపోతుంది, ఇదే వాసన. అలాంటప్పుడు వాళ్ళ నాయన ఒక ఆకు ముట్టించి బూడిద చూసి, మంట వేసినవాణ్ణి తిట్టేవాడు. ఎరువు వేసినవాణ్ణి ఎన్నడూ తిట్టలేదు.

ఇక్కడ మాత్రం ఎరువు పిల్ల మీదికే వచ్చింది. క్వాలిటీ మేనేజర్ డార్లీన్ గదిలో రంగనాథ్ ఒక కాగితం ముందుకు జరిపాడు. జనవరి లాట్‌కి ధరణి తొమ్మిది రోజులే ఫ్లష్ చేసిందని అందులో ఉంది. డార్లీన్‌కి అర్థం కాకుండా తెలుగులో, మెత్తగా చెప్పాడు.

"చిన్న డీవియేషనే అమ్మా. సైన్ చెయ్యి. నీ లెటర్ ఇవాళే ఇస్త."

పద్నాలుగు రోజులూ పక్కనే నిలబడి చూసిన మనిషి ఆ మాట అన్నాడు. ఒక్క సంతకం పెడితే ధరణి ఈ దేశంలో ఉండిపోవచ్చు. అది తెలిసే అడుగుతున్నాడన్నది ఆమెను ఎక్కువ మండించింది.

"చెయ్యని తప్పుకి సంతకం పెట్టను సార్. చేసింది వేరే ఉంది, అది చెప్తా."

డార్లీన్ వైపు తిరిగి ఇంగ్లీషులో అంతా చెప్పేసింది. జనవరికి ఫ్లష్ పూర్తిగా జరిగింది, చెడగొట్టింది ఆరబెట్టే గది. నవంబరుకి అసలు ఫ్లష్ జరగనే లేదు, రికార్డులో రాసింది అబద్ధం, రాసింది తనే. డార్లీన్ కంప్యూటర్లో జనవరి సరుకు ఆరిన గది లెక్క తీసింది. అయిదు రోజులు, వేడి ఎంతో కూడా ఉంది.

రంగనాథ్‌ని ఇకమీద జాగ్రత్తగా ఉండమన్నారు. ధరణిని ఆ మధ్యాహ్నమే తీసేశారు. బ్యాడ్జి తీసుకుంటూ డార్లీన్, సగం మోతాదంటే లీటరుకి ఎంతో సరిగ్గా చెప్పమని అడిగి కాగితం మీద రాసుకుంది. ధరణి చెప్పింది. ఎందుకు చెప్పానా అని బస్సులో తనను తానే తిట్టుకుంది.

ఏప్రిల్లో ఆ ఉద్యోగం ప్రకటన ఆన్‌లైన్లో కనబడింది. కోత రోజు దాకా ఎరువు ఇచ్చే మా కొత్త పద్ధతిలో అనుభవం ఉన్నవారికి ప్రాధాన్యం అట. పద్ధతిని రూపొందించింది హెడ్ గ్రోవర్ రంగనాథ్ అట. ధరణి ఆ లైను మూడుసార్లు చదివింది. వర్క్ పర్మిట్‌ అయిపోవడానికి ఇంకా నాలుగు నెలలుంది. అప్లై నొక్కింది.

ఈ పద్ధతిలో మీకు అనుభవం ఎక్కడ వచ్చింది అని ఫారం అడిగింది.

"మీ మూడో గదిలో, రంగనాథ్ గారు సెలవులో ఉన్నప్పుడు," అని రాసి పంపింది.