కుప్పమోడి నల్ల ఎలుకలు

ఆ కాలంలో మనిషి కుళ్లుకోవడానికి పెద్ద పెద్ద కారణాలు దొరికేవి కావు. పక్కవాడి టెర్లిన్ చొక్కా, పక్కవాడి కొత్త సైకిలు, అంతే. నేను మాత్రం పక్కవాడి ఎలుకలను చూసి కుళ్లుకున్నాను. (నవ్వకండి, ఎనభైల మొదట్లో మదనపల్లె కాలేజీలో జువాలజీ డిమాన్‌స్ట్రేటరుగా చేరిన కొత్తల్లో మాట.) మా సారు బెంగళూరు నుంచి నల్లవీ తెల్లవీ రెండు జాతుల చిట్టెలుకలు తెప్పించారు. నల్లవాటి శుక్రకణాలను తెల్లవాటికి సూదితో ఎక్కించి, కొన్నాళ్లకు ఆ తెల్లవాటి నెత్తుటి నుంచి సీరం తీసేవాళ్లం. ఆ సీరం తగిలితే నల్లవాటి కణాలు గుంపుగా అతుక్కుపోవాలి, తెల్లవాటివి హాయిగా ఈదుతూనే ఉండాలి. ఒక జాతి ఒంటికి ఇంకో జాతి కణాలు ఎంత గిట్టవో అలా తెలుస్తుంది. నాతోపాటు చేరినవాడొకడు కుప్పం నుంచి వచ్చాడు, అందుకే వాణ్ణి కుప్పమోడు అనేవాళ్లం. వాడికి ప్రతిసారీ అతుక్కునేవి. నాకు అన్నీ ఈదేవి. ఎవరి స్లైడు బాగుంటే వాళ్లను బెంగళూరు పరిశోధనశాలకు పంపుతామన్నారు సారు. నాకు తిండి సహించలేదు.

తప్పు నా చేతిలో లేదు, ఎలుకల్లో ఉందని తేల్చుకున్నాను. సారు మా స్లైడ్లు చూసే పరీక్షకు ముందురోజు, బోన్లు చూసుకునే పుంగనూరు భాయ్‌కి కుప్పమోడి ఎలుకలున్న మూల వైపు చెయ్యి చూపించి, "ఆడ ఎలకలుండాయి గదా భాయ్, రేపు నాకు అవి ఎత్తిపెట్టు" అన్నాను గుసగుసగా. రంపపు పొట్టు మారుస్తున్న ఆయన తలెత్తకుండానే, "ఆడవేనా సార్?" అన్నాడు.

"ఆఁ, ఆడవే!"

మర్నాడు సారు ముందు నల్ల ఎలుకను తోక పట్టి దర్జాగా పైకెత్తాను. (నా కళ్లు కుప్పమోడి మీదున్నాయి, ఎలుక మీద కాదు.) సారు కళ్లద్దాలు సర్దుకుని చూశారు. "ఏమప్పా, ఈ యమ్మ దగ్గర శుక్రకణాలు యాడ తీస్తావు?"

భాయ్ బెదిరిపోయాడు. "నా తప్పేం లేదు సార్, ఆడవే కావాలని ఈ సార్ రెండుసార్లు సెప్పినాడు."

కుప్పమోడు బల్ల పట్టుకుని నవ్వాడు. నవ్వి నవ్వి, తన ఎలుక కణాలు ఒక చుక్క నా స్లైడు మీద వేసి, తన సీరం కలిపి ఇచ్చాడు. "సూడప్పా, నువ్వు సీరం శానా పల్సగా కలుపుతాండావు, దానికే అతుక్కోలేదు. ముందే అడిగింటే సెప్పేవాణ్ణి గదా." చూశాను. అతుక్కున్నాయి.

బెంగళూరుకు వాడే వెళ్లాడు. బస్సెక్కించడానికి నేనే పోయాను. కిటికీలోంచి "వస్తానప్పా" అని వాడు చెయ్యి ఊపుతుంటే, మంచివాణ్ణి చూసి కుళ్లుకోవడం ఎంత కష్టమో తెలిసింది. వాడు కాస్త దుర్మార్గుడై ఉంటే ఎంత సుఖంగా ఉండేదో! ఆ రోజు బస్టాండులో నిలబడిన నన్ను ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. కడుపులో కొంచెం మంట కూడా, అబద్ధమెందుకు.