స్వీట్ చార్లీ మీద వేసిన నింద

వరినాట్లలో నన్ను మించినవాళ్లు లేరని మా ఊళ్లో అందరూ ఒప్పుకుంటారు. ఒప్పుకోనివాళ్లకు నేనే గుర్తు చేస్తుంటాను. అందుకే స్ట్రాబెర్రీ మొక్కలు వచ్చిన రోజు, ఇదెంత పని అనుకున్నాను.

ఎల్లారెడ్డి ఊరి దగ్గర మాకున్న మెట్ట చెలకలో రెండు రకాలు పెట్టి చూద్దామన్నది నా ఆలోచనే. ఎత్తుగా పోసిన ఒక మట్టి బెడ్డులో వింటర్ డాన్, పక్క బెడ్డులో స్వీట్ చార్లీ. మన ఎండకు, మన మట్టికి ఏది తట్టుకుంటే మరుసటి ఏడు దాన్నే వేయాలి. మొక్కలు మహారాష్ట్ర నుంచి కామారెడ్డి బస్టాండుకు పార్సిల్లో వచ్చాయి. చీటీలు తీసేస్తే ఏది ఏదో చెప్పలేం.

మా అత్తమ్మ వింటర్ డాన్ తీసుకుంది, నేను చార్లీ. ఆమెకు మోకాళ్లు సరిగా వంగవు. బెడ్డు పక్కన కూలబడి, ఒక్కో మొక్కను మట్టిలో అలా ఆనించి, వేర్లు కప్పీ కప్పనట్టు వదిలేస్తోంది. నాకు నవ్వాగలేదు.

"అత్తమ్మా, గవి నాటినట్టున్నయా? చుట్టపుచూపుకు వచ్చి కూసున్నట్టున్నయి."

"నీ మోకాళ్లు నాకియ్యి, నీ లెక్కనే నాటుత," అంది.

నేను మాత్రం మూడు వేళ్లతో పట్టుకుని మెడదాకా దించాను. ఆమె సగం నాటేలోపు నా పని దాదాపు అయిపోయింది. చేతులు దులుపుకుంటూ ఆమె ముందు అటూ ఇటూ రెండుసార్లు నడిచాను కూడా. నా బెడ్డు చివర మిగిలిన నాలుగు మొక్కలు ఆమెనే పెట్టమని చెప్పి మంచినీళ్లకు వెళ్లాను.

నెల తిరక్కుండానే చార్లీ ఒక్కొక్కటిగా వాడిపోయింది. వింటర్ డాన్ నిక్షేపంగా పూత పట్టింది. నాకు ఒళ్లు మండింది. పేరులో తీపి తప్ప ఒంట్లో సత్తువ లేని రకమని తీర్పు చెప్పేసి, మళ్లీ ఆ బెడ్డు వైపు చూడలేదు. కామారెడ్డి మార్కెట్లో చెప్పాను, పెళ్లి పందిట్లో చెప్పాను, బస్సులో అడగనివాళ్లకు కూడా చెప్పాను.

ఆ మాట నమ్మినవాళ్లలో నేను అన్నా అని పిలిచే పక్క చెలకాయన ఒకడు. ఆయన భూమి రోడ్డును ఆనుకుని ఉంటుంది. అక్కడే బల్ల వేసి పండ్లు అమ్ముకోవాలని ఆయన ఆశ. కాపు మొదలయ్యాక ఒక సాయంత్రం వచ్చాడు.

"చెల్లె, వచ్చే ఏటికి మొక్కలు ముందుగల్లనే చెప్పాల్నట. పొద్దుగాల మహారాష్ట్రకు ఫోన్ చేస్త. నీ మాట మీద పావెకరం, పది గుంటలల్ల అంత వింటర్ డానే. నాటుడు గూడ మీ నాట్ల గుంపే."

ఆయన వెళ్లాక, గర్వంగా నా బెడ్డులోని ఎండు మొక్కలు పీకడం మొదలుపెట్టాను. చివర నాలుగు మాత్రం పచ్చగా ఉన్నాయి, ఎర్రగా కాయలున్నాయి. ఒకటి నోట్లో వేసుకున్నాను. వింటర్ డాన్ కన్నా ఎంతో తియ్యగా ఉంది.

"గవి నేను పెట్టినయి గదా," అంది అత్తమ్మ.

చచ్చిన మొక్కను తవ్వి చూశాను. కొత్త ఆకు పుట్టే మొవ్వు రెండు వేళ్ల లోతున మట్టిలో కుళ్లిపోయి ఉంది. ఆమె పెట్టిన వాటికి మొవ్వు పైనే ఉంది. చార్లీకి ఏ రోగమూ లేదు. వరినారును బురదలోకి దించినట్టు నేనే దించాను.

గట్టిగా ఉండే వింటర్ డాన్ ఆటోలో కామారెడ్డి దాకా నలగకుండా పోతుంది. రోడ్డు పక్క అప్పటికప్పుడు తినే పండుకు కావలసింది చార్లీ తీపే. నేను నోరు మూసుకుంటే అన్న తనకు పనికొచ్చే రకాన్ని వదులుకుంటాడు. పైగా మా గుంపు ఆ పది గుంటల మొక్కలనూ చక్కగా పూడ్చిపెడుతుంది.

పొద్దున్నే ఆయన చెలకకు పరుగెత్తాను. మా గుంపు ఆడవాళ్లు అప్పటికే అక్కడ కలుపు తీస్తున్నారు. అన్న ఫోన్ చేతిలో పట్టుకుని ఉన్నాడు.

"ఆగన్నా. చార్లీది తప్పు లేదు. నేనే మెడదాకా పూడ్చి చంపిన."

కలుపు తీసే చేతులు ఆగిపోయాయి. నాట్లలో ఎప్పుడూ నాకంటే వెనకబడే ఆమె అందరికంటే ముందు నవ్వింది.

అన్న నవ్వలేదు. "మంచిగ చెప్పినవ్ చెల్లె. చెరి సగం పెడదాం, మీ అత్తమ్మ చెప్పినట్టే నాటుదాం. మరి దాన్ని ఊరూరా తిట్టొస్తివి గదా. గా మాట ఎవలు తిప్పి చెప్పాలె?"

ఆ రోజే కామారెడ్డి బస్సెక్కి, పక్కసీటు పెద్దావిడతో మొదలుపెట్టాను. స్ట్రాబెర్రీ అంటే ఏందని అడిగింది. అదీ చెప్పి, చార్లీ మంచిదని చెప్పి, నా తప్పు కూడా చెప్పాను.