కళ్ళకు గంతలు కట్టుకుని నడిచిన మా ఇంగ్లీషు మేడం

మా ఇంగ్లీషు మేడం పోయారు. మొన్న గురువారం పొద్దున, నేను పాఠాలు చెప్పే బడిలో ప్రార్థన అయి పిల్లలు తరగతుల్లోకి వెళ్తుండగా మధిర నుంచి ఆమె చెల్లెలు ఫోన్ చేసింది. "తెల్లారుజామున నిద్రలోనే పోయిందమ్మా అక్క. మంచం పక్కన గోడ మీద నీ నంబరు పెన్సిల్‌తో రాసి పెట్టుకుంది, అందుకే చేశాను" అంది. ఏం చేయాలో తోచక, తరగతిలోకి వెళ్ళి బోర్డు మీద ఒక బొమ్మ అతికించి పిల్లల్ని చూడమన్నాను. సాయంత్రం దాకా ఏడుపు రాలేదు.

ఆమె గురించి రాద్దామని కూర్చుంటే దుఃఖం కంటే ముందు హుషారు వస్తోంది. చదివేవాళ్ళు తప్పుగా అనుకోకండి. ఆమె క్లాసులో కుదురుగా కూర్చోవడం మాకెవరికీ చేతనయ్యేది కాదు. ఇప్పుడు కుదురుగా చెప్పడమూ నాకు చేతకావడం లేదు.

మాది చర్ల అవతల అడవిలో ఊరు. ఇంట్లో కోయ, బడిలో తెలుగు. ఇంగ్లీషు పుస్తకంలో చూడటమే తప్ప ఒక మనిషి నోట వినలేదు. అలాంటిదాన్ని ఖమ్మంలో డిగ్రీకి వచ్చి ఇంగ్లీషే మెయిన్ సబ్జెక్టుగా తీసుకున్నాను. అడ్మిషన్ల రోజు ఆ లైనులో జనం తక్కువున్నారు, అంతే. చేరాక తెలిసింది, ఏడాది చివర నోటితో చెప్పే పరీక్ష ఉంటుందని. ముందు ఒక బొమ్మ పెడతారు, రెండు నిమిషాలు దాని గురించి ఇంగ్లీషులో చెప్పాలి. అది తప్పితే ఏడాది పోయినట్టే, ఏడాదితో పాటు హాస్టల్ సీటూ పోయినట్టే. సీటు పోతే ఊరికి తిరిగి వెళ్ళి మిరపకాయ కోతలకు కూలికి పోవడమే.

మేడం దగ్గర బొమ్మలు గోనెసంచి నిండా ఉండేవి. విత్తనాల షాపు క్యాలెండర్లు, నోటుపుస్తకాల అట్టలు, పేపర్లో వచ్చిన ఫోటోలు, అన్నీ కత్తిరించి చీరల డబ్బాల అట్టలకు అతికించి తెచ్చేవారు. మంచి వాక్యం చెప్పినవాళ్ళకు బహుమతి గుప్పెడు మరమరాలు. ఆ మరమరాల డబ్బాలోంచి ఆమె కూడా తింటూనే పాఠం చెప్పేవారు. మిర్చి సీజన్‌లో మార్కెట్ యార్డు మీదుగా గాలి వీస్తే క్లాసంతా తుమ్ములు. ఎవరు తుమ్మితే వాళ్ళ గురించి మిగతావాళ్ళు ఇంగ్లీషులో ఒక వాక్యం చెప్పాలి. ఒకరోజు ఆమే వరసగా తొమ్మిదిసార్లు తుమ్మారు. మేం తొమ్మిది వాక్యాలు చెప్పాం. డబ్బా ఖాళీ అయింది.

ఇంకో ఆట ఉండేది. ఒకరు బొమ్మ చూసి చెప్పాలి, ఇంకొకరు దాన్ని చూడకుండా, విన్నది విన్నట్టు బోర్డు మీద గీయాలి. సత్తుపల్లి అమ్మాయి గేదె గురించి చెబుతుంటే నేను గీశాను. కొమ్ములు, తోక, పొట్ట అన్నీ వచ్చాయి గానీ కాళ్ళు లేవు.

"ఏంటమ్మా, గేదె నడిచేదెలా?" అన్నారు మేడం.

"ఆమె కాళ్ళు చెప్పలే మేడం, నేనెట్ల గీస్త?" అన్నాను.

కళ్ళద్దాలు తీసి తుడుచుకునేంతగా నవ్వారు. "చూశారా, మీరు చెప్పకపోతే పాపం ఆ గేదెకు కాళ్ళే లేవు" అన్నారు. ఆ మాట మేం మూడేళ్ళు ఒకరికొకరం చెప్పుకుని నవ్వుకున్నాం. ఎవరైనా బొమ్మ ముందు బిక్కమొహం వేస్తే ఆమె ఇంకో మాట అనేవారు. "అందులో ఉన్నవాళ్ళు మీ చుట్టాలనుకో. వచ్చినవాళ్ళను పలకరించవా?"

వంటింటి బొమ్మ, సంత బొమ్మ, పొలం బొమ్మ, ఏదిచ్చినా నేను తడుముకుంటూనే అయినా దంచేసేదాన్ని. వచ్చీరాని ఇంగ్లీషులో కూరలో ఉప్పు తక్కువైందని కూడా చెప్పేశాను. అది బొమ్మలో ఎలా కనపడిందని అందరూ నవ్వారు. ఇంగ్లీషు నా నోట్లోంచి వస్తోందంటే నాకే నమ్మకం కలిగేది కాదు. హాస్టల్ మెట్లు రెండేసి చొప్పున ఎక్కేదాన్ని.

పరీక్షలు నెలరోజుల్లోకి వచ్చాక ఆమె ఒక కొత్త బొమ్మ తీశారు. అడవిలో కాలిబాట. భుజాలకు సంచులు తగిలించుకుని నలుగురు మనుషులు నడుస్తున్నారు. ఎంతమంది ఉన్నారు, ఏం తొడుక్కున్నారు, ఎటు వెళ్తున్నారు, చెప్పమని నన్ను లేపారు. నేను నిలబడ్డాను. నోరు పెగల్లేదు. మాటలన్నీ వచ్చు. నాలుగు అన్న అంకె ఒకటో తరగతి పిల్లలకు కూడా వచ్చు. అయినా నా పెదవులు విడిపడలేదు. మర్నాడు మళ్ళీ అదే బొమ్మ, మళ్ళీ అంతే. మూడోరోజు ఆమెకు కోపం వచ్చింది. "ఇంత తెలిసీ ఏంటీ మొండితనం? పరీక్షలో ఇదే వస్తే ఇలాగే నిలబడతావా? వెళ్ళి మిరపకాయలు కోసుకుంటావా?" అన్నారు.

ఆ మాట గుచ్చుకుంది. క్లాసయ్యాక వరండాలో ఏడుస్తుంటే వచ్చి పక్కన కూర్చున్నారు. అప్పుడు చెప్పాను.

"మా ఊర్ల గట్ల అడిగితే చెప్పొద్దు మేడం."

"ఎవరడిగితే?"

"ఎవరడిగినా. ఎంతమంది పోయిండ్రు, ఏం తొడుక్కున్నరు, ఎటు పోయిండ్రు అంటే చూడలే అనాలె. నాకు ఆరేండ్లున్నప్పుడు అమ్మతోని ఇప్పపూలు ఏరుతున్న. ఇద్దరొచ్చి అడిగిండ్రు. నేను చెయ్యెత్తి చూపియ్యబోయిన. అమ్మ నా రెక్క పట్టి గుంజి, నా బిడ్డకు కండ్లు సరిగ కనవడయ్ సారూ అన్నది. పోలీసులకు చెప్తె అన్నలొస్తరు, అన్నలకు చెప్తె పోలీసులొస్తరు మేడం. చెప్పినోళ్ళ ఇల్లు మిగలదు."

ఖమ్మం దాటి అటు అడవి వైపు మేడం ఎప్పుడూ రాలేదు. విన్నాక నా చెయ్యి పట్టుకుని, "మూడు రోజులు నిన్ను నిలబెట్టి, ఊరికే తిట్టానమ్మా. నాదే తప్పు" అన్నారు. ఒక టీచరు నాతో అలా అనడం అదే మొదలు. "మీ అమ్మ నేర్పింది నిన్ను బతికించే పాఠం. దాన్ని మర్చిపొమ్మని నేను చెప్పను. కానీ చెబితేనే మనిషి బతికే చోట్లు కూడా ఉంటాయి. రేపు చూపిస్తాను" అన్నారు.

మర్నాడు నన్ను మిర్చి యార్డుకు తీసుకెళ్ళారు. సీజన్ మంచి జోరు మీద ఉంది. బస్తాలు, తోపుడుబండ్లు, ఆటోలు, నెత్తిన బస్తాలతో పరుగెత్తే హమాలీలు. గేటు దగ్గర ఆమె నా చున్నీ అడిగి తీసుకుని కళ్ళకు గట్టిగా కట్టుకున్నారు. "నన్ను అవతలి గేటుకు చేర్చు. చెయ్యి పట్టుకోవద్దు, తెలుగు మాట్లాడొద్దు. ఏం కనపడితే అది చెప్పు" అంటూ నడక మొదలుపెట్టారు.

యాభై దాటిన మనిషి, చూస్తే ఎదురుగా బండి. ఇంగ్లీషులోనే అరిచేశాను. బండి అన్న మాట వినగానే ఆమె ఆగారు. ఎడమకు రమ్మంటే వచ్చారు. ఇద్దరు మనుషులు వస్తున్నారు, ఒకరిది ఎర్ర తలపాగా, ఒకరి నెత్తిన బస్తా ఉంది, వాళ్ళు కుడివైపు తిరుగుతున్నారు, అవన్నీ నా నోటి నుంచే వస్తున్నాయి. ఎంతమందో చెబుతున్నాను! ఎటు వెళ్తున్నారో చెబుతున్నాను! ఒకచోట ఒక్క క్షణం నోరు ఆగింది, ఆమె మోకాలు కాంటాకు కొట్టుకుంది. ఆ తర్వాత నేను ఆగితే ఒట్టు.

"ఏంది మేడం, కండ్లకు ఏమైంది? దవాఖానకు పోరాదు?" అన్నాడొక హమాలీ.

"నాకు కళ్ళున్నాయయ్యా, అదిగో ఆ పిల్ల దగ్గర" అని ఆమె నా వైపు కాకుండా ఒక బస్తాల గుట్ట వైపు చెయ్యి చూపించారు. యార్డంతా నవ్వింది. అవతలి గేటు చేరేసరికి ఇద్దరం తుమ్ములు, కన్నీళ్ళు, నవ్వులు. ఆమె మోకాలు వాచింది. వారం రోజులు కుంటుతూనే పాఠం చెప్పారు.

పరీక్షలో నాకు వానలో బస్టాపు బొమ్మ వచ్చింది. పదకొండు మంది ఉన్నారు. రెండు నిమిషాలవగానే పరీక్ష పెట్టే సారు చాలమ్మా అన్నారు. నేను ఇంకా ఆరుగురి దగ్గరే ఉన్నాను. పాసయ్యానని అక్కడే చెప్పేశారు.

ఊరికి వెళ్ళే బస్సు ఎక్కితే, వీడ్కోలు చెప్పడానికి మేడం బస్టాండుకు వచ్చారు. కిటికీ కింద నిలబడి, ఆ పరీక్ష బొమ్మ మొత్తం చెప్పు అన్నారు. ఇంగ్లీషులో మొదలుపెట్టాను. ఏడో మనిషి దగ్గర డ్రైవరు బస్సు కదిలించాడు. ఆమె ఆగలేదు. కుచ్చిళ్ళు ఒక చేత్తో ఎత్తిపట్టుకుని, ఇంకో చేత్తో కిటికీ ఊచ పట్టుకుని బస్సుతో పాటు నడిచారు. "ఆ తర్వాత? గొడుగావిడ పక్కన ఎవరు?" అంటున్నారు. బస్సు కొంచెం వేగం అందుకుంది, ఆమె కూడా అందుకున్నారు. కళ్ళద్దాలు ముక్కు చివరికి జారాయి, సర్దుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. నేను తల కిటికీ బయట పెట్టి తొమ్మిదో మనిషి, పదో మనిషి అని అరుస్తున్నాను. ఊచ మీంచి చెయ్యి జారిపోయాక కూడా ఆమె చెవి ఇటే పెట్టి, ఆ చివరి మనిషి కోసం పరుగెత్తుతూనే ఉన్నారు.